పార్కు కాలనీకి, లైట్లు ఏజెన్సీకి, నీళ్లు మున్సిపాలిటీకి: వార్డు పని ఎవరికి అప్పజెప్పాలో ఎలా తేల్చుకోవాలి

మున్సిపల్ కౌన్సిల్ ఎజెండా కాయితం ఎప్పుడైనా చేతికొస్తే చూడండి, రెండు మూడు ఐటెమ్స్ ఇలాంటివే ఉంటాయి. ఫలానా పార్కు నిర్వహణ కాలనీ సంక్షేమ సంఘానికి అప్పగించుట, ఫలానా వార్డుల్లో చెత్త సేకరణ ఏజెన్సీ ద్వారా చేయించుట, బస్టాండ్ దగ్గర మరుగుదొడ్లు లీజుకి ఇచ్చుట... చదవడం పూర్తయ్యేలోపే "ఆమోదించడమైనది" అని రాసేసుకుంటారు. ఆ ఒక్క లైనుతో మన వీధిలో వచ్చే మూడేళ్లో ఐదేళ్లో ఎవరు పనిచేస్తారు, వాళ్లకి జీతం ఎవరిస్తారు, పని ఆగిపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి, అన్నీ తేలిపోతాయి. కాబట్టి వార్డు మెంబర్లైనా, కాలనీ సంఘం వాళ్లైనా, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) మహిళా గ్రూపుల్లో ఉన్న అక్కాచెల్లెళ్లైనా, పన్ను కట్టే మామూలు జనమైనా ఈ ఎంపిక గురించి ఐటెం రాకముందే కాస్త ఆలోచించుకుని ఉండాలని ఇది రాస్తున్నా.

ప్రైవేటు మంచిదా ప్రభుత్వం మంచిదా అనే వాదన వల్ల ఇక్కడ ఏమీ తేలదు. ఒకే ఊళ్లో వీధి లైట్లు బయట ఏజెన్సీ చేతిలో చక్కగా వెలుగుతుంటాయి, అదే పద్ధతిలో చెత్త ఇస్తే నెలకోసారి సమ్మె. నేను చూసేది రెండే విషయాలు. ఒకటి, పని చెడితే ఆ సంగతి ఎవరికి, ఎంత తొందరగా తెలుస్తుంది. రెండు, చెడిందని తెలిశాక దాన్ని వెనక్కి తీసుకుని నడిపే సత్తా మున్సిపాలిటీ దగ్గర ఇంకా మిగిలుందా లేదా. ఈ రెండింటికీ జవాబు చెప్పుకుంటే సగం ఎంపిక దానంతటదే అయిపోతుంది.

ఇంకో మాట మర్చిపోకూడదు. 74వ రాజ్యాంగ సవరణ (1993 జూన్ 1 నుంచి అమల్లో ఉంది) 12వ షెడ్యూల్‌లో 18 అంశాలు పెట్టింది, నీళ్లు, పారిశుద్ధ్యం, పార్కులు, వీధి లైట్లు, శ్మశానాలు అన్నీ అందులోవే. పని ఎవరిచేత చేయించినా బాధ్యత మాత్రం పట్టణ స్థానిక సంస్థదే. "అది ఏజెన్సీ చూసుకుంటోందండి, మాకు సంబంధం లేదు" అని ఆఫీసులో ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

చేతిలో ఉన్న దారులు

మన రెండు రాష్ట్రాల్లో మామూలుగా ఐదు రకాలు కనిపిస్తాయి. మున్సిపాలిటీ సొంత మనుషులతో చేయించుకోవడం, టెండర్ పిలిచి కాంట్రాక్టర్‌కి ఇవ్వడం, మహిళా సంఘాలకి ఇవ్వడం, కాలనీ అసోసియేషన్‌కి ఇవ్వడం, స్వచ్ఛంద సంస్థతోనో కంపెనీ సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టే) డబ్బుతోనో నడిపించడం.

సొంత మనుషులు అంటున్నాం గానీ ఇప్పుడు పర్మినెంట్ వాళ్లు బాగా తగ్గిపోయారు, ఎక్కువమంది ఔట్‌సోర్సింగే. ఆంధ్రాలో 2020లో ఆప్కాస్ (ఔట్‌సోర్సింగ్ సిబ్బంది కోసం పెట్టిన సంస్థ) వచ్చాక మధ్యలో ఏజెన్సీ లేకుండా ప్రభుత్వ కార్పొరేషన్ నుంచే జీతం ఖాతాలో పడేలా చేశారు, ఏజెన్సీ మనిషి జీతంలో కోత కోసుకునే పాత బాధకి అది మందు. కానీ మనిషిని ఎవరు పెట్టుకున్నారు, ఎవరు పని చెప్తారు, ఎవరు తీసేస్తారు అనేవి మూడూ మూడు చోట్ల ఉంటే వార్డులో శానిటరీ ఇన్‌స్పెక్టర్ మాట ఎవరూ వినరు, అది కూడా చూసుకోవాలి.

కాంట్రాక్టర్ బలం మెషీన్లు, పెట్టుబడి. ఒక ట్రాన్స్‌ఫర్ స్టేషన్ కట్టాలన్నా కాంపాక్టర్ బండ్లు కొనాలన్నా చిన్న మున్సిపాలిటీ వల్ల కాదు, వాడు తెస్తాడు. బలహీనత ఏంటంటే బిల్లు పెండింగ్ పడగానే మొట్టమొదట ఆగేది కార్మికుల జీతం, దాని వెంటే మన చెత్త.

మహిళా సంఘాల గురించి చాలామంది చిన్నచూపుతో మాట్లాడతారు, నాకది నచ్చదు. మెప్మా కింద సంఘం, స్లమ్ లెవెల్ ఫెడరేషన్, టౌన్ లెవెల్ ఫెడరేషన్ అని మెట్లు ఉన్నాయి, నెలనెలా పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, తీర్మానాల పుస్తకం, అన్నీ రాసి పెట్టుకునే అలవాటు ఉంది. చిన్న కాంట్రాక్టర్లు చాలామందికి ఆ పుస్తకాల క్రమశిక్షణ లేదు. సంఘాలకి లేనిది పెట్టుబడి, ఇంకా మూడు నెలల బిల్లు ఆగితే తట్టుకునే ఓపిక. కాబట్టి వాళ్లకి పని ఇస్తే అడ్వాన్స్ ఇవ్వాలి, బిల్లు నెలలోపే ఇవ్వాలి, అది ఇవ్వలేం అనుకుంటే పని ఇచ్చి వాళ్లని అప్పుల్లోకి తోయడం అన్యాయం.

కాలనీ అసోసియేషన్‌కి ఉన్న గొప్ప బలం, వాళ్లు అక్కడే ఉంటారు. పొద్దున వాకింగ్‌కి వచ్చినప్పుడు పగిలిన పైపు కళ్లకి కనపడుతుంది. చిక్కు కూడా అదే, వాళ్లకి కనపడేది వాళ్ల వీధి మాత్రమే. ఇక స్వచ్ఛంద సంస్థలు, సీఎస్ఆర్ అయితే మొదలుపెట్టేటప్పుడు ఉన్న ఊపు మూడో ఏడాదికి ఉంటుందా అన్నదే ప్రశ్న.

చెత్త: ఇక్కడే ఎక్కువ ఆలోచించాలి

మున్సిపాలిటీ రోజూ గుమ్మం దాకా వచ్చేది ఈ ఒక్క పనికే. బండి రాకపోతే ఆ పొద్దునే అందరికీ తెలిసిపోతుంది, అంటే నా మొదటి ప్రశ్నకి జవాబు చాలా మంచిది, వాడేవాళ్లకే వెంటనే తెలుస్తుంది. ఇలాంటి పనికి దగ్గరి మనుషులే సరైనవాళ్లు, సంఘాలైనా, వార్డులోనే ఉండే ఆటో డ్రైవరైనా. కానీ ఇంటి దగ్గర ఎత్తడం ఒక పని, ఎత్తినదాన్ని డంపింగ్ యార్డులో ఏం చేస్తున్నారన్నది ఇంకో పని, రెండోది జనానికి కనపడదు. ఈ రెండింటినీ కలిపి ఒకే ప్యాకేజీగా ఇచ్చేస్తే వచ్చే సమస్య ఏంటంటే పైకి వీధులు శుభ్రంగా కనిపిస్తాయి, ఊరి చివర గుట్ట మాత్రం పెరుగుతూ పోతుంది, ఆ గుట్ట పక్కన ఉండే వాళ్ల ఓటు మన వార్డులో ఉండదు.

కొన్ని అనుభవాలు పక్కపక్కన పెట్టి చూద్దాం. పుణెలో 2008 నుంచి చెత్త ఏరుకునే వాళ్లే సభ్యులుగా, యజమానులుగా ఉన్న స్వచ్ఛ్ సహకార సంఘం కార్పొరేషన్‌తో ఒప్పందం మీద ఇంటింటి సేకరణ చేస్తోంది. ఇంటివాళ్లు నెలకి కొంత రుసుము ఇస్తారు, పొడి చెత్త అమ్ముకున్న డబ్బు కార్మికులదే. అంటే తడీపొడీ వేరు చేస్తే లాభం చేసే మనిషికే నేరుగా వస్తుంది, అందుకే వేరు చేయిస్తారు. హైదరాబాద్‌లో 2015లో స్వచ్ఛ ఆటోలు తెచ్చినప్పుడు కూడా డ్రైవరే ఓనర్ అనే పద్ధతి పెట్టారు, ఇంటి దగ్గర వసూలు చేసే డబ్బు, పొడి చెత్త అమ్మకం అతనికే. ఈ పద్ధతిలో బండి వస్తుంది, గొడవ ఎక్కడంటే డబ్బులివ్వని ఇల్లు, డబ్బులివ్వలేని బస్తీ. డబ్బు వచ్చే అపార్ట్‌మెంట్లకి బండి ముందు వెళ్తుంది, ఇరుకు సందుల బస్తీకి ఎప్పుడో వస్తుంది. దానికి డ్రైవర్‌ని తిట్టి లాభం లేదు, బస్తీ ఇళ్ల డబ్బు మున్సిపాలిటీయే కట్టేలా ఒప్పందంలో రాసుకోవాలి.

ఆంధ్రాలో 2021లో చెత్తకి యూజర్ చార్జీలు పెట్టారు, చెత్త పన్ను అని జనం గట్టిగా వ్యతిరేకించారు, చివరికి 2024 చివర్లో ఎత్తేశారు. ఎత్తేయడం తప్పా ఒప్పా అనే రాజకీయం నాకొద్దు, కానీ చార్జీ పోయాక ఆ డబ్బు మున్సిపల్ జనరల్ ఫండ్‌లో ఎక్కడి నుంచి వస్తోంది అనే ప్రశ్న మీ కౌన్సిల్లో అడిగారా? అడగకుండా కొత్త టెండర్ ఓకే చేస్తే ఆరు నెలల్లో బిల్లు ఆగుతుంది, తర్వాత ఏమవుతుందో పైన చెప్పాను.

సూర్యాపేట గురించి కూడా చెప్పాలి. 2000ల మొదట్లోనే అప్పటి కమిషనర్ ఎస్.ఏ. ఖాదర్ సాహెబ్ హయాంలో ఇంటి దగ్గరే తడి, పొడి వేరుగా తీసుకోవడం, తడి చెత్తని వర్మీ కంపోస్టు చెయ్యడం, పొడిది అమ్మడం మొదలుపెట్టి దేశం మొత్తం వచ్చి చూసేలా చేశారు. బయటి నిధులు లేకుండా ఉన్న సిబ్బందితోనే. 2016 ఘన వ్యర్థాల రూల్స్ వేరు చెయ్యడం తప్పనిసరి అని చెప్పడానికి చాలా ముందే జరిగింది ఇది. సొంత మనుషులతో అవ్వదు అనేవాళ్లకి ఇది చూపించండి. అలాగే అది ఒక కమిషనర్ పట్టుదల మీద నడిచిందని కూడా గుర్తుపెట్టుకోండి, ఆఫీసర్లు బదిలీ అవుతారు, కాబట్టి పద్ధతి తీర్మానంలోనూ బడ్జెట్‌లోనూ ఎక్కాలి.

చెత్త కాంట్రాక్టులో నేను మొదట వెతికే లైన్ ఒకటుంది, డబ్బు దేని మీద ఇస్తున్నారు అని. టన్నుకి ఇంత అని రాస్తే బరువు పెంచడమే వాళ్ల లాభం, మట్టి, కూలగొట్టిన గోడల రాళ్లు, తడిసిన చెత్త అన్నీ బండెక్కుతాయి, వేరు చేసి తగ్గించే వాడికి నష్టం. ఇంటికి ఇంత అని రాసి, ఇంటి దగ్గర క్యూఆర్ స్కాన్‌తో లెక్క పెడితే బండి ఇంటి దాకా వస్తుంది. యార్డుకి చేరే కలిపిన చెత్త తగ్గినకొద్దీ బోనస్ అని రాస్తే వేరు చేయడం మొదలవుతుంది. పని చేసే మనుషులు వాళ్లే, ఊరు అదే, ఆ ఒక్క లైను మారితే ఫలితం పూర్తిగా మారిపోతుంది.

నా సలహా సూటిగా: ఇంటింటి సేకరణ సంఘాలకి లేదా ఓనర్ డ్రైవర్లకి, మెయిన్ రోడ్లు ఊడవడం సొంత సిబ్బందికి, యార్డులో ప్రాసెసింగ్ పెట్టుబడి పెట్టగల ఏజెన్సీకి విడి కాంట్రాక్టుగా, బండ్ల బరువు తూచే వే బ్రిడ్జి దగ్గర కూర్చునే మనిషి మాత్రం కచ్చితంగా మున్సిపాలిటీ మనిషి అయ్యుండాలి.

తక్కువకి కోట్ చేసిన టెండర్ నిజంగా తక్కువేనా

ఇది కాయితం మీద ఐదు నిమిషాల్లో తేల్చుకోవచ్చు, ఏ వార్డు మెంబరైనా చెయ్యొచ్చు. ఉదాహరణకి 40 మంది కార్మికులు కావాలన్నారు అనుకుందాం, మనిషికి నెలకి 15,000 జీతం అనుకుందాం. యజమాని కట్టాల్సిన పీఎఫ్ 12 శాతం అంటే 1,800. ఈఎస్ఐ 3.25 శాతం అంటే దాదాపు 488. అంటే మనిషికి 17,288. నలభై మందికి 6,91,520. ఇందులో చీపుర్లు, గ్లౌజులు, బూట్లు, వారం సెలవుకి బదులు వచ్చే మనిషి, డీజిల్, కాంట్రాక్టర్ లాభం ఏవీ లేవు.

ఇప్పుడు ఒకాయన లెస్‌కి వేసి నెలకి 6,40,000కి చేస్తానన్నాడు, ఎల్1 (అందరికంటే తక్కువ రేటు) వచ్చాడు. తేడా 51,520. అది దాదాపు ముగ్గురు మనుషుల ఖర్చు. అంటే పొద్దున మస్టర్‌లో (హాజరు పట్టీలో) 40 సంతకాలుంటాయి, రోడ్డు మీద 37 మంది ఉంటారు, లేదా 40 మందీ ఉంటారు గానీ పీఎఫ్ కట్టడు. ఎలాగైనా మిగిలేదేమీ లేదు, ఎందుకంటే కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న మున్సిపాలిటీ మీదే చివరికి పడుతుంది, కార్మిక చట్టం చెప్తున్నది అదే. కాబట్టి కనీస జీతాలు, పీఎఫ్, ఈఎస్ఐ కలిపిన మొత్తానికి తక్కువ ఎవరు వేసినా ఆ టెండర్‌ని పక్కన పెట్టాలి, పోటీ అనేది మిగిలిన ఖర్చుల మీద, సర్వీస్ చార్జీ మీద మాత్రమే పెట్టాలి. నెలనెలా బిల్లుతో పాటు పీఎఫ్ చలానా, అందులో కార్మికుల పేర్లు చూపించకపోతే బిల్లు పాస్ చెయ్యొద్దని కూడా రాయించండి. కార్మికుడు తన ఫోన్లో పీఎఫ్ పాస్‌బుక్ చూసుకోవచ్చు, మీరు ఒక పొద్దున్న మస్టర్ పాయింట్ దగ్గరికెళ్లి ఇద్దరు ముగ్గుర్ని అడిగి చూడండి, మొత్తం కథ తెలిసిపోతుంది.

పార్కు

పార్కు కాలనీకే ఇవ్వాలి అని నేను గట్టిగా నమ్ముతా. చెట్లకి నీళ్లు పెట్టారా లేదా అని రోజూ చూసేది వాళ్లే. మున్సిపాలిటీ హార్టికల్చర్ విభాగంలో ఉన్న కొద్దిమంది ఊరంతా తిరగలేరు. తెలంగాణలో 2019 మున్సిపాలిటీల చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలని చెప్పింది కాబట్టి డబ్బు అసలు లేదనడానికి కూడా లేదు, దాంట్లోంచి నిర్వహణ ఖర్చులో కొంత సంఘానికి ఇవ్వొచ్చు.

ఐతే ఎంఓయూ (సంఘంతో చేసుకునే ఒప్పందం) చదవకుండా ఇవ్వకండి. రెండు మూడు పేజీలే ఉంటుంది, సాధారణంగా "పార్కును పరిశుభ్రంగా ఉంచవలెను, ఆక్రమణలు లేకుండా చూడవలెను" అని ఉంటుంది, అసలు ముఖ్యమైన మాట ఉండదు. గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుంది? ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా తెరిచి ఉంటుంది? చాలా కాలనీల్లో జరిగేది ఇది: ముందు పొద్దున 5 నుంచి 9, సాయంత్రం 4 నుంచి 8 అని బోర్డు పెడతారు, తర్వాత "కాలనీ వాసులకు మాత్రమే" అని ఇంకో బోర్డు వస్తుంది, తర్వాత పిల్లలు క్రికెట్ ఆడుతున్నారని మధ్యాహ్నం తాళం పడుతుంది, పక్క బస్తీ పిల్లలు గోడ దూకితే వాచ్‌మన్ తరుముతాడు. ఆ స్థలం లేఅవుట్‌లో ప్రజల కోసం వదిలింది, మున్సిపాలిటీ ఆస్తి, సంఘం మెంబర్‌షిప్ కట్టినవాళ్లదేమీ కాదు. మధ్యాహ్నం పని మధ్యలో కాసేపు నీడన కూర్చునే డెలివరీ కుర్రాడికీ, పక్క అపార్ట్‌మెంట్‌లో పనిచేసే ఆయాకీ ఆ బెంచీ మీద హక్కు ఉంది.

కాబట్టి రాయించాల్సినవి: అందరికీ ప్రవేశం ఉచితం, టైమింగ్స్ మార్చాలంటే మున్సిపాలిటీ అనుమతి కావాలి, ఒక తాళం చెవి వార్డు ఆఫీసులో ఉండాలి, పార్కులో షెడ్డు గానీ గుడి గానీ సంఘం ఆఫీసు గానీ ఏ కట్టడమూ కట్టకూడదు, ఫంక్షన్లకి అద్దెకి ఇవ్వకూడదు, సంఘం ఆడిట్ లెక్క ఏడాదికోసారి గేటు దగ్గర అతికించాలి. సంఘంలో ఎన్నికలు జరగకుండా ఏళ్ల తరబడి ఒకే కుటుంబం నడిపిస్తుంటే ఆ సంఘానికి ఇవ్వకపోవడమే నయం. పక్కపక్కనే కాలనీ, బస్తీ రెండూ ఉన్న చోట ఒక్క కాలనీ సంఘానికే కాకుండా బస్తీ మహిళా సంఘం నుంచి ఇద్దర్ని నిర్వహణ కమిటీలో పెట్టించండి, గొడవలు చాలా తగ్గుతాయి.

నీళ్లు, డ్రైనేజీ

ఇక్కడ నా మొదటి ప్రశ్నకి జవాబు భయపెడుతుంది. నీళ్లలో తేడా వస్తే చూపుకి తెలియదు, వాసనకి తెలియదు, పిల్లలకి విరేచనాలు మొదలయ్యాక తెలుస్తుంది. చెడితే ప్రాణం మీదికి వచ్చే పని, చెడినట్టు ఆలస్యంగా తెలిసే పని బయటికి ఇచ్చేటప్పుడు వంద సార్లు ఆలోచించాలి. సోర్స్, ఫిల్టర్ బెడ్లు, క్లోరిన్ పరీక్ష మున్సిపాలిటీ చేతిలోనే ఉండాలి, ఇది నా గట్టి అభిప్రాయం.

నాగపూర్‌లో 2012లో ఊరి మొత్తం నీటి సరఫరా 25 ఏళ్ల ఒప్పందం మీద ప్రైవేటు ఆపరేటర్‌కి ఇచ్చారు. పెట్టుబడి వస్తుంది, పైపులు మారతాయి, నిజమే. కానీ ఒక కౌన్సిల్ ఐదేళ్లకి ఎన్నికవుతుంది, అది 25 ఏళ్లకి సంతకం పెడితే తర్వాత వచ్చే నాలుగు కౌన్సిళ్ల చేతులు కట్టేసినట్టే. అంత పొడుగు ఒప్పందానికి ప్రతి ఐదేళ్లకి ఒక సమీక్ష, బయటపడే దారి లేకపోతే ఒప్పుకోకూడదు.

దీనికి పక్కన పూరీ పెట్టి చూడండి, నాకు చాలా నచ్చిన ఏర్పాటు. 2021లో అక్కడ ఇంటి కుళాయి నుంచి నేరుగా తాగే నీళ్లు 24 గంటలూ ఇస్తున్నామని ప్రకటించారు. సరఫరా ప్రభుత్వానిదే, కానీ మీటర్ రీడింగ్, బిల్లు వసూలు, ఇంటి దగ్గర నీటి నాణ్యత పరీక్ష చేసేది జలసాథి అనే పేరుతో మహిళా సంఘాల వాళ్లు, వసూలైన దాంట్లో వాళ్లకి కొంత శాతం వస్తుంది. పెద్ద పని సంస్థ దగ్గరే ఉంచుకుని గుమ్మం దగ్గరి పని దగ్గరి మనిషికి ఇవ్వడం అంటే ఇది. టెస్ట్ కిట్‌తో గుమ్మం దగ్గర నిలబడి నీళ్ల రంగు చూపించే మనిషి మన వీధి మనిషే అయితే బిల్లు కట్టడానికి కూడా ఇంటివాళ్లు అంత విసుక్కోరు. మన మెప్మా గ్రూపులకి ఇది చేసే శక్తి ఉంది, అడిగే కౌన్సిల్ కావాలి అంతే.

డ్రైనేజీ మ్యాన్‌హోల్ పని విషయంలో తక్కువ ధర అనే మాటే ఎత్తకూడదు. మనిషిని రక్షణ లేకుండా దించడం 2013 నాటి పాకీపని నిషేధ చట్టం ప్రకారం నేరం, చనిపోతే కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. చవకగా వేసిన కాంట్రాక్టర్ దగ్గర మెషీన్ ఉండదు, రాత్రి పూట ఎవరో ఇద్దరు కుర్రాళ్లని తెచ్చి దించుతాడు. హైదరాబాద్ జలమండలి 2017లో 70 మినీ జెట్టింగ్ మెషీన్లు పెట్టింది, సన్న సందుల్లోకి వెళ్లే సైజులో, దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీతో కలిసి, మెషీన్ ఓనర్లుగా ఆ వర్గాల వాళ్లే ఉండేలా. తరతరాలుగా ఆ గుంతలోకి దిగిన వాళ్లనే మెషీన్ యజమానుల్ని చేయడం, భాగస్వామ్యం అనే మాటకి అర్థం ఉందనిపించే పని ఇది. మీ ఊరు చిన్నదైతే పక్క రెండు మూడు మున్సిపాలిటీలు కలిసి ఒక మెషీన్ వాడుకున్నా మంచిదే.

లైట్లు, మరుగుదొడ్లు, భోజనం

వీధి లైట్ల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు, బయటికి ఇవ్వడానికి అన్నింటికంటే తేలికైన పని ఇదే. వెలుగుతుందా లేదా అన్నది ఎవరైనా చెప్పగలరు, కొలవడం సులువు. 2014 అక్టోబర్లో హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక విశాఖలో 90 వేలకి పైగా ఎల్ఈడీ లైట్లు ఈఈఎస్ఎల్ అనే కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ద్వారా పెట్టారు, పెట్టుబడి ఆ సంస్థ పెట్టి, మిగిలిన కరెంటు బిల్లులోంచి ఏళ్ల వారీగా తిరిగి తీసుకునే పద్ధతి. చూడాల్సింది ఒక్కటే, పాడైన లైటు 48 గంటల్లో మార్చకపోతే లైటుకి రోజుకి ఇంత కోత అని ఉందా, ఆ కోత నిజంగా వేస్తున్నారా. కొత్తలో అంతా బాగుంటుంది, గ్యారంటీ చివరికి వచ్చేసరికి స్పేర్లు ఉండవు, ఆ చివరి రెండేళ్ల మీద కన్నేసి ఉంచండి.

పబ్లిక్ మరుగుదొడ్లకి సులభ్ వాళ్లు 1974లో పాట్నాలో మొదలుపెట్టిన డబ్బిచ్చి వాడుకునే పద్ధతి మార్కెట్, బస్టాండ్ లాంటి రద్దీ చోట్ల నడుస్తుంది. బస్తీ దగ్గర, ఆసుపత్రి దగ్గర నడవదు, అక్కడ మున్సిపాలిటీ డబ్బిచ్చి మహిళా సంఘానికి ఇస్తే ఆడవాళ్లు ధైర్యంగా వాడతారు. ఆడవాళ్ల వైపు డబ్బు ఎక్కువ తీసుకుంటున్నారా అన్నది ఎవరూ చెక్ చెయ్యరు, అదొక్కటి మీరు వెళ్లి చూడండి.

భోజనం క్యాంటీన్లలో రెండు పద్ధతులు పక్కపక్కనే ఉన్నాయి. చెన్నైలో 2013లో మొదలైన అమ్మ ఉణవగం కార్పొరేషన్‌దే, వండేది మహిళా సంఘాల వాళ్లు. హైదరాబాద్‌లో 2014 నుంచి 5 రూపాయల భోజనం, ఆంధ్రాలో 2018లో మొదలై మధ్యలో ఆగి 2024 ఆగస్టులో మళ్లీ తెరిచిన అన్న క్యాంటీన్లు స్వచ్ఛంద సంస్థ పెద్ద వంటశాల నుంచి వండి పంపే పద్ధతి. పెద్ద వంటశాల వల్ల రుచి, శుభ్రం ఒకేలా ఉంటాయి, ఖర్చు తక్కువ. అక్కడికక్కడ సంఘం వండితే వేడిగా ఉంటుంది, ఊళ్లో పాతిక ముప్ఫై మంది ఆడవాళ్లకి జీతం వస్తుంది, నడిపించే భారం మాత్రం ఎక్కువ. వంటశాల యాభై కిలోమీటర్ల లోపు ఉంటే మొదటిది, లేకపోతే రెండోది అని నేనంటా. ఐతే ఆంధ్రా క్యాంటీన్లు ప్రభుత్వం మారగానే ఐదేళ్లు మూతపడ్డాయి కదా, అక్కడ తేడా వచ్చింది వంట దగ్గర కాదు, పైనుంచి వచ్చే డబ్బు దగ్గర. మున్సిపాలిటీ తన పద్దులో కొంతైనా పెట్టుకోని పని ఏదైనా అలాగే ఆగుతుంది, సీఎస్ఆర్ పనులకి ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

కూర్చోబెట్టాల్సిన వాళ్లని కూర్చోబెట్టారా

ఎవరికి ఇవ్వాలన్నది తేల్చేది ఎవరు అన్నది కూడా ముఖ్యమే. 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న చోట వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగమే చెప్తోంది. తెలంగాణ చట్టంలో వార్డుకి నాలుగు కమిటీలు, యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులు, ఒక్కోదాంట్లో 15 మంది. వీధి వ్యాపారుల విషయమైతే 2014 చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. చాలాచోట్ల ఈ కమిటీల పేర్లు కాయితం మీదే ఉంటాయి, సభ్యులకే తాము సభ్యులమని తెలియదు. మీ వార్డు కమిటీలో ఎవరున్నారో కనుక్కుని వాళ్ల ముందు ఈ ఒప్పందం పెట్టించండి, ఎజెండాలో టేబుల్ ఐటెంగా ఆఖరి నిమిషంలో వస్తే మీ కౌన్సిలర్‌ని డిసెంట్ నోట్ (ఒప్పుకోవడం లేదనే రాతపూర్వక అభ్యంతరం) రాయమని అడగండి, ఓడిపోయినా రికార్డులో ఉంటుంది.

ఒప్పందం చివరి పేజీ

అందరూ రేటు దగ్గర ఆగిపోతారు, నేను వెనక నుంచి చదువుతా. ఒప్పందం ముగిసినప్పుడు బండ్లు, డబ్బాలు, మీటర్లు, సాఫ్ట్‌వేర్ లాగిన్లు, ఇళ్ల జాబితా డేటా ఎవరివి అవుతాయి? ఏజెన్సీ మధ్యలో వదిలేస్తే ఎన్ని రోజుల నోటీసు, ఆ రోజుల్లో పని ఎవరు చేస్తారు? ఇది లేకపోతే మున్సిపాలిటీ ఆ ఏజెన్సీకి బందీ అయిపోతుంది, పని బాగోలేదని తెలిసినా మార్చలేరు, ఎందుకంటే ఏ వీధిలో ఎన్ని ఇళ్లున్నాయో కూడా వాళ్ల ఫోన్లలోనే ఉంటుంది. ఎన్ని పనులు బయటికిచ్చినా ప్రతి పనికీ కనీసం ఒక వార్డునో రెండు వార్డులనో సొంత సిబ్బందితో నడిపించుకోవాలి, అప్పుడు అసలు ఖర్చెంతో, ఎంతమంది కావాలో ఆఫీసుకి తెలిసుంటుంది, టెండర్ పిలిచినప్పుడు అంచనా నిజం దగ్గరగా ఉంటుంది, ఏజెన్సీ చెయ్యెత్తేస్తే మొదలుపెట్టడానికి తెలిసిన మనుషులుంటారు.

మీ వార్డు ఒప్పందం కాపీ ఆఫీసులో అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. అడగాల్సినవి ఒప్పందం కాపీ, గత ఆరు నెలల బిల్లులు, వేసిన జరిమానాల లెక్క, పీఎఫ్ చలానాలు. ఒప్పందం ముగిసే తేదీ కనుక్కుని దానికి కనీసం నాలుగు నెలల ముందే పెట్టండి, ఎందుకంటే తేదీ దగ్గర పడ్డాక కొత్త టెండర్‌కి టైం లేదని చెప్పి పాతవాళ్లకే మూడు నెలలు, మళ్లీ మూడు నెలలు అని పొడిగించుకుంటూ పోతారు.